ఉండుండి మూగబోయే పెడల్

గిటార్ ఎఫెక్ట్స్ పెడల్ పూర్తిగా పనిచేయడం మానేస్తే మెకానిక్‌కు సగం శ్రమ తగ్గినట్టే. మీటరు పెట్టుకుంటూ పోతే తెగినచోటు ఎక్కడో దొరుకుతుంది. నంద్యాల చర్చిలో ఆదివారం ఆరాధన మధ్యలో గరగరమని ఆగిపోయి, సోమవారం రిపేరు షాపు బల్ల మీద ఏమీ ఎరగనట్టు మోగే పెడల్‌తోనే తంటా. బాగా పనిచేస్తున్న వస్తువులో లోపం కనబడదు. కాబట్టి ముందు దాన్ని కావాలని రప్పించాలి. ఏం చేస్తే శబ్దం పోతుందో తేలేదాకా సోల్డరింగ్ ఐరన్ వేడిచేయడం దండగ.

అనుమానం మొదట పెడల్ బయటి వాటి మీద పడాలి. గిటార్‌ను నేరుగా ఆంప్‌కు కలిపి, కేబుల్‌ను ప్లగ్ మెడ దగ్గర అటూ ఇటూ వంచి చూడాలి. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పెళ్లి రిసెప్షన్‌కు వెళ్లేటప్పుడు మోచేతికి బిగించి చుట్టి సంచిలో కుక్కిన కేబుల్‌లో తీగపోగులు తెగేది అక్కడే. పైతొడుగు మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. కేబుల్ బాగుంటే అడాప్టర్ తీసేసి 9 వోల్టుల బ్యాటరీ పెట్టాలి. దాంతో లోపం మాయమైతే తప్పు అడాప్టర్‌లోనో, దాన్ని గుచ్చే సాకెట్‌లోనో ఉంది.

ఆ తర్వాత ఎర్ర లైటును గమనించాలి. శబ్దంతో పాటు లైటు కూడా ఆరితే కరెంటు దారిలో తేడా. లైటు వెలుగుతూనే శబ్దం పోతే సిగ్నల్ దారిలో తేడా. చాలా పెడళ్లలో ఇన్‌పుట్ జాకే స్విచ్చు కూడా: ప్లగ్ దూర్చినప్పుడే బ్యాటరీ మైనస్ తీగ గ్రౌండుకు కలుస్తుంది. అందువల్ల జాక్‌లోని రేకు కాస్త వదులైనా, బ్యాటరీ మీద నడిచే పెడల్ మొత్తం ఆరిపోతుంది. బ్యాటరీ మార్చి మార్చి విసిగిపోయేవాళ్లు చూడనిది ఈ రేకునే.

మూత విప్పాక ఎండిన వెదురు పుల్లతో ఒక్కొక్క భాగాన్ని మెల్లగా తట్టాలి, నొక్కాలి. ఏది కదిపితే గరగర వస్తుందో దాని కాలి దగ్గర భూతద్దం పెట్టాలి. బాగున్న సోల్డర్ కాలి చుట్టూ నున్నగా పాకి మెరుస్తుంది. పాడైనచోట కాలి చుట్టూ వెంట్రుకంత సన్నని నల్లటి గీత గుండ్రంగా కనిపిస్తుంది. జాక్ నట్టు వదులైనప్పుడు లోపలి భాగం పట్టుకోకుండా బయటినుంచి బిగిస్తే, జాక్ తిరిగి ఈ పగులు పుడుతుంది. పాత సోల్డర్‌నే మళ్లీ కరిగించి వదిలేస్తే కొన్నాళ్లకు అదే కథ. దాన్ని పీల్చేసి, ఫ్లక్స్ ఉన్న కొత్త సోల్డర్ వేయాలి.

ఈ ప్రాంతపు వాతావరణం కూడా తన వంతు చేస్తుంది. మే నెలలో నంద్యాల ఎండ 45 డిగ్రీల దరిదాపుల్లోకి పోతుంది. ఆ వేడికి లోహం సాగి పగులు తెరుచుకుంటుంది, చల్లబడితే మూసుకుంటుంది. ఇలాంటిదాన్ని రప్పించడానికి హెయిర్ డ్రయ్యర్ చాలు. జెర్మేనియం ట్రాన్సిస్టర్ల ఫజ్ పెడల్ అయితే ఏ పగులూ లేకుండానే వేడికి స్వరం మారుస్తుంది. అది దాని జాతి లక్షణం, రిపేరుకు లొంగదు. ఆళ్లగడ్డ శిల్పుల ఊరు. గ్రైండరు కింద లేచే రాతి పొడి ఏ సందులోనైనా దూరుతుంది, వాల్యూం పాట్‌లోకి చేరితే తిప్పినప్పుడల్లా చిటపటలాడిస్తుంది. పాట్‌లోకి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆ చివర నుంచి ఈ చివరకు పలుమార్లు తిప్పితే సరిపోతుంది. కుట్టుమిషన్ నూనె పోస్తే మాత్రం దుమ్ము మరింత అంటుకుంటుంది. కాలితో నొక్కే స్విచ్చు అరిగితే శుభ్రం చేస్తూ కూర్చోకుండా మార్చేయడమే మేలు.

ఇంత చేసినా దొరకకపోతే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను ఒక తీగ కొసకు అతికించి, రెండో కొసను ఆంప్‌కు కలపాలి, గ్రౌండు ఉమ్మడిగా ఉంచాలి. గిటార్ మోగుతుండగా ఆ కెపాసిటర్ కాలితో ఇన్‌పుట్ నుంచి ఒక్కో మజిలీ తాకుతూ పోతే, శబ్దం ఎక్కడిదాకా వచ్చి ఆగిందో చెవికే తెలుస్తుంది.

అన్నట్టు, ఫజ్ పెడల్ పుట్టిందే ఒక లోపం వల్ల. 1961లో వచ్చిన మార్టీ రాబిన్స్ ‘డోంట్ వరీ’ పాట నాష్‌విల్‌లో రికార్డవుతుండగా మిక్సింగ్ కన్సోల్‌లో ఒక ట్రాన్స్‌ఫార్మర్ పాడై, గ్రేడీ మార్టిన్ బేస్ గిటార్ బొంగురుగా పలికింది. ఆ ధ్వని చాలామందికి నచ్చడంతో ఇంజనీర్ గ్లెన్ స్నాడీ దాన్నిచ్చే సర్క్యూట్ తయారుచేశాడు. 1962లో గిబ్సన్ అదే మాస్ట్రో ఫజ్‌టోన్‌గా అమ్మింది.

మళ్లీ రిపేరు సంగతికొస్తే, అతుకు వేశాక మూత బిగించే పరీక్షించాలి. తెరిచి ఉన్నప్పుడు మోగి, స్క్రూలు బిగించగానే ఆగితే ఏదో తీగ మూత కింద నలుగుతోందనో, ఏదో భాగం కాలు లోహపు మూతకు తగులుతోందనో లెక్క. తీగను పక్కకు జరిపి, మూత లోపల మందపాటి ప్లాస్టిక్ షీటు అతికించి, ఒక కచేరీకి పట్టేంత సేపు కాలితో నొక్కుతూ వాయించి చూశాకే పెడల్‌ను దాని యజమానికి అప్పగించాలి.