ఎర అమ్మేవాని మాట

గోదావరిఖని నుండి గోదావరి వంతెన వైపు వెళ్ళే దారిలో ఒక రేకుల డబ్బా ఉన్నది. దానికి పేరు రాసిన బోర్డు లేదు. ముందు వాసానికి ఆనించిన వెదురు కర్రలు, వేలాడే రంగురంగుల బెండ్లు, నైలాన్ దారపు చుట్టలు చూసి అది గాలాల దుకాణమని గ్రహించవలసిందే. లోపల ఒక మూల పాత మట్టికుండ, దానిలో తడిమట్టి, ఆ మట్టిలో వానపాములు. మా ప్రాంతంలో వాటిని ఎర్రలంటారు. ప్లేడే నాడు, అంటే గని కార్మికునికి వారపు సెలవు దొరికిన రోజున, తెల్లవారేసరికి ఆ డబ్బా ముందు నలుగురైదుగురు నిలబడి ఉంటారు. రాత్రి షిఫ్టు దిగి, కనుకొలుకుల్లోని బొగ్గుపొడి పోకముందే నేరుగా అక్కడికి వచ్చినవారిని కూడా చూశాను.

వారు కొనేది కొద్దిపాటి సరుకు. అడిగేది మాత్రం కొండంత. ఈ పూట చేప ఎక్కడ తిరుగుతున్నది? లోతు నీటిలో వేయాలా, ఒడ్డున వేయాలా? ఎర్ర పెట్టాలా, పిండి పెట్టాలా? సరుకుకు వెల ఉన్నది, సలహాకు లేదు. వెల లేకుండా దొరికే ఈ మాటను, అందులోనూ సరుకు అమ్ముకొనేవాడు చెప్పే మాటను, ఎంతవరకు నమ్మవచ్చునన్న శంక నన్ను చాలాకాలం వదలలేదు. ఆ శంకకు కారణం నా తొలి అనుభవమే.

నాకు గాలం పట్టుకోవాలన్న కోరిక నడివయసులో పుట్టింది. మొదట వెళ్ళింది ఈ డబ్బాకు కాదు, బజారులోని ఒక పెద్ద దుకాణానికి. అక్కడి యువకుడు మెరిసే కాగితంలో చుట్టిన సువాసన పిండి ఒకటి చేతిలో పెట్టి, దీనికి తగలని చేప గోదావరిలోనే లేదన్నాడు. మాట చెప్పిన తీరులో తడబాటు లేదు. తడబాటు లేని మాటను నమ్మడం పుస్తకాలు చదివినవారికి ఉండే బలహీనతలలో ఒకటి. రెండు ఆదివారాలు ఆ పిండిని నదికి సమర్పించాను. నా బెండు తామరాకు మీది నీటిబొట్టు కన్నా నిశ్చలంగా నిలిచింది. ఆ యువకుడు ఒక్కసారైనా గాలం వేసి ఎరుగునా అన్న అనుమానం అప్పుడు గాని రాలేదు.

మూడవ ఆదివారం రేకుల డబ్బా ముందు ఆగాను. దాని యజమాని గనిలో దాదాపు ముప్పై ఏళ్ళు టింబర్‌మన్‌గా పనిచేసి విరమించినవాడు. గనిలో పైకప్పు కూలకుండా దుంగలతో ఊతం కట్టడం ఆ ఉద్యోగం. అందరూ కాకా అని పిలుస్తారు. నేనూ అలాగే పిలిచాను. నా సంచిలోని గాలాన్ని చూసి ఆయన నవ్వాపుకోలేదు. "దీనికి మొసలి పడ్తది సార్" అన్నాడు. నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుందన్న సంగతి ఆనాటిదాకా నాకు తెలియదు. పెద్ద సంఖ్య పెద్ద వస్తువుకే చెందుతుందనుకొని, చిన్న గాలం కావాలని చిన్న నంబరు అడిగి తెచ్చుకున్నాను.

ఆయన చెప్పిన పాఠం క్లుప్తమైనది. బొచ్చె పైనీటిలో మేస్తుంది, రోహు నడినీటిలో, ఎర్రమోసు అడుగున. కాబట్టి ముందు ఏ చేప కావాలో తేల్చుకొని, తరువాత బెండుకూ గాలానికీ మధ్య దారం ఎంత విడవాలో నిర్ణయించుకోవాలి. కొర్రమీను కోసం నడినదికి పోనక్కరలేదు. అది నీటిపైకి వచ్చి గాలి మింగే చేప. నాచు పట్టిన నిలువనీటిలో బుడగలు లేచేచోట వెదకాలి. చిన్న కప్పనో, బతికున్న చేపపిల్లనో చూపితే వస్తుంది. తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటింపబడిన ఆ కొర్రమీనుకు పిండిముద్ద అంటే చులకన. జెల్లకు ఎర్ర. రోహుకు గోధుమపిండిలో తవుడూ, కొంచెం పల్లిచెక్కా కలిపిన ముద్ద. ఇదంతా చెప్పి, నేను కుండలోని ఎర్రల వైపు చెయ్యి చూపగానే, "ఇయ్యాల మీకు ఎర్రలు వద్దు సార్. రోహు తిరుగుతున్నది. ఇంటికి పోయి అమ్మనడిగి పిడికెడు గోధుమపిండి తెచ్చుకోండ్రి" అన్నాడు.

ఆనాడు నేను ఆ దుకాణంలో కొన్నది ఒక చిన్న గాలం మాత్రమే. దారి పొడవునా నాకు న్యాయశాస్త్రం గుర్తుకు వచ్చింది. నైయాయికులు ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం అనే మూడింటితో పాటు శబ్దాన్ని నాలుగవ ప్రమాణంగా అంగీకరించారు. శబ్దమంటే ఎవడో చెప్పిన మాట కాదు, ఆప్తుడు చెప్పిన మాట. ఆప్తుడంటే చుట్టమూ కాదు, స్నేహితుడూ కాదు. వస్తువును ఉన్నది ఉన్నట్లుగా తెలుసుకొన్నవాడు, తెలిసినదానిని తెలిసినట్లుగానే ఎదుటివానికి చెప్పాలన్న కోరికతో చెప్పేవాడు. న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఈ లక్షణం ఋషికీ, ఆర్యునికీ, మ్లేచ్ఛునికీ సమానమేనన్నాడు. కులమూ విద్యా అడగని నిర్వచనమది. బజారు యువకునికి చెప్పాలన్న కోరిక ఉన్నది, తెలిసినది లేదు. కాకాకు తెలుసు, తన ఎర్రలు అమ్ముడుపోకపోయినా చెప్పాడు. అయినా ఒక్క దుకాణం, ఒక్క ఉదయం చూసి ఆప్తుడని తీర్మానించడం తొందరపాటే.

చేపల ఎర గురించి పెద్దలు రాయలేదనుకోవద్దు. కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో కూర్చిన మానసోల్లాసంలో మత్స్యవినోదమని ఒక ప్రకరణమే ఉన్నది. ఏ జాతి చేప ఎట్టిది, దేనికి ఏ ఆహారం వేసి మచ్చిక చేయాలి, గాలం ఎలా వేయాలి అన్న విషయాలు రాజవినోదాల నడుమ గంభీరంగా చర్చింపబడ్డాయి. కాకాకు ఆ సంగతి చెప్పాను. ఆయన ఆసక్తిగా విని, "రాజుకెవలు చెప్పిండ్రట?" అని అడిగాడు. నా పరిశోధన కాలంలో నాకు తట్టని ప్రశ్న అది. రాజుకు ఎర మట్టి తవ్వే పని లేదు. ఆ శ్లోకాల వెనుక పేరు తెలియని జాలరులెవరో తప్పక ఉండి ఉంటారు.

మరి కాకాకు ఎవరు చెప్పారు? దీనిని కనుగొనడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది. ఆయన జ్ఞానంలో సగం తన గాలంతో గడించినది కాదు, తన దుకాణానికి వచ్చేవారి నుండి సేకరించినది. కాని గాలం పట్టేవారి మాటకు విలువెంత? తాను చేప పట్టిన చోటును ఎవడూ నిజం చెప్పడు. తప్పించుకుపోయిన చేప చెప్పిన ప్రతిసారీ మూరెడు పెరుగుతుంది. కాకా వారి మాటలు విన్నట్లే ఉంటాడు, లెక్కలోకి తీసుకోడు. వారు మళ్ళీ ఏం కొంటున్నారో చూస్తాడు. మునుపటి కన్నా లావు దారం అడిగినవాని పాతదారం తెగిందన్నమాట. అక్కడ పెద్ద చేప ఉన్నది. సీసం గుండ్లు పోగొట్టుకొని వచ్చినవాడు రాళ్ళున్నచోట వేశాడు. ఎర్రలు మిగిలాయని కుండలో తిరిగి పోసినవానికి ఆ పూట ఏమీ పడలేదు, వాడు ఎంత గొప్పలు చెప్పినా సరే. మాటల కన్నా కొనుగోలే నిజం పలుకుతుందని ఆయన కనిపెట్టాడు. ఇది అనుమాన ప్రమాణం. పొగను చూసి నిప్పును ఊహించడానికీ దీనికీ భేదం లేదు.

అయితే అంతటి కాకా మాట కూడా ఒకసారి పూర్తిగా తప్పింది. ఎగువన ముర్మూరు వద్ద ఎల్లంపల్లి ప్రాజెక్టు, దిగువన సుందిళ్ళ బ్యారేజీ. మా గోదావరి ఆ రెండింటి నడుమ పారుతుంది. 2019లో కాళేశ్వరం పథకం ప్రారంభమైన తరువాత సుందిళ్ళ వెనుకనీరు పైకి ఎగదన్ని, ఎండాకాలంలో ఇసుక తేలే నది నిండుకుండ అయింది. మడుగులన్నీ మునిగాయి. ఏ బండ పక్కన ఏ చేప అన్న కాకా లెక్కలన్నీ ఆ నీటి కిందికి పోయాయి. ఆ ఏడు నేను సలహా అడిగితే ఆయన చేతులు కట్టుకొని, "నాకెరుకున్నది పారే గోదారి సార్. ఇది చెరువు లెక్క అయింది. ఇది నాకు తెల్వది" అన్నాడు. దుకాణం పెట్టుకొన్నవాని నోట తెలియదన్న మాట రావడం నేను అదే మొదటిసారి వినడం. తరగతి గదిలో నేనెన్నిసార్లు ఆ మాట అన్నానో లెక్కపెట్టుకోబోయి మానుకొన్నాను.

ఆయన గంగపుత్రుల దగ్గరకు వెళ్ళి కూర్చున్నాడు. వలలలో ఏ చేప ఎక్కువ పడుతున్నదో చూశాడు. ఏడాదిన్నరలో కొత్త నీటికి కొత్త పాఠం కూడగట్టుకొన్నాడు. అంతలో 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ స్తంభాలు కుంగాయి. ఆ తరువాత సుందిళ్ళ గేట్లు కూడా తెరచి నీటిని వదిలేశారు. మళ్ళీ ఇసుక తేలింది, మళ్ళీ బండలు కనబడ్డాయి. కాకా తన పాత పాఠాన్ని దులిపి తీయవలసి వచ్చింది. సలహాకు కూడా తేదీ ఉంటుంది. నిరుటి నదికి చెల్లిన మాట ఈ ఏటి నదికి చెల్లకపోవచ్చు.

2024 వానాకాలంలో ఒక ఉదయం మా తమ్ముని కొడుకును వెంటబెట్టుకొని డబ్బాకు వెళ్ళాను. పిల్లవాడు ఇంటర్మీడియట్ చదువుతున్నాడు. నది నడుమ తేలిన ఇసుకతిన్నె మీది నుండి గాలం వేయాలని వాని ఉబలాటం. కాకా కుండ మీద మూత తీయలేదు.

"ఇయ్యాల మీకు ఎర్రలియ్య సార్. కడెం దిక్కు రాత్రంత వాన గొట్టిందట. ఆ నీళ్ళన్ని ఎల్లంపల్లికే వస్తయి. అది నిండి ఉన్నది. గేట్లు ఎప్పుడెత్తుతరో!"

"ఇక్కడ చినుకు లేదు కదా కాకా!"

"వాన ఈడ పడాలెనా సార్?"

నాకు కోపం వచ్చిందని ఒప్పుకోవాలి. పిల్లవాని ముందు కాదనిపించుకోవడం నచ్చలేదు. అదే దారిలో మరొక దుకాణం ఉన్నది. అతను ఎర్రలు పొట్లం కట్టి ఇస్తూ, కొత్తనీరు వస్తే చేప బాగా కదులుతుందన్నాడు. అది అబద్ధం కాదు. తొలకరి తరువాత కొత్తనీటికి చేప ఎదురెక్కడం అందరూ ఎరిగినదే. చెప్పినంత మేరకు ఆ మాట నిజమే. చెప్పవలసినది మాత్రం అందులో లేదు.

ఇసుకతిన్నె మీద గంటసేపు బాగానే గడిచింది. రెండు జెల్లలు పడ్డాయి. పిల్లవాడు మూడవదాని కోసం వంగి ఉండగా, వాని చెప్పులు నీటిపై తేలుతూ పోవడం చూశాను. పొడి ఇసుకలో విడిచిన చెప్పులవి. తిరిగి చూస్తే మేము నడిచి వచ్చిన పాయలో నీటి రంగు మారి ఉన్నది. వెళ్ళేటప్పుడు చీలమండ తడిసిన చోట, వచ్చేటప్పుడు మోకాలు దాటింది. నడుమకు చేరేసరికి నా నడుము పట్టింది. పిల్లవాని మణికట్టు పట్టుకొని అడుగు తీసి అడుగు వేశాను. కాళ్ళ కింది ఇసుక జారిపోతున్నది. కర్రలు, సంచీ, జెల్లలు అన్నీ వదిలాము. ఒడ్డెక్కి వెనక్కి చూస్తే తిన్నె సగమైంది. ఎల్లంపల్లికి 62 గేట్లు ఉన్నాయి. వాటిలో ఎన్ని ఎత్తారో నేను తెలుసుకోలేదు.

ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. మరునాడు కాకా దగ్గరకు ఒంటరిగా వెళ్ళాను. చెప్పడానికి మాట కూడదీసుకొంటుండగా, నా చేతిలో కర్ర లేకపోవడం చూసి ఆయనే సంగతి పోల్చుకొన్నాడు. నేను చెప్పనన్నానా అనలేదు. గనిలో పైకప్పును పరీక్షించే తీరు చెప్పాడు. కర్రతో కప్పును తట్టి చెవి ఒగ్గాలి. గట్టిగా ఉంటే ఖణేల్మంటుంది, పొర విడిపోయి ఉంటే డొల్లగా మోగుతుంది. "ఒక్క చప్పుడునే నమ్మద్దు సార్. రెండో చెయ్యి కప్పుకానించి పెట్టాలె. చెవికి దొరకనిది చేతికి దొరుకుతది" అన్నాడు.

తరువాత కొత్త కర్ర ఒకటి తీసి నా ముందు పెట్టి, అడగవలసినవి వరుసగా అడిగాడు. నీటి రంగు మారింది ఏ గంటకు? చెప్పులు తేలినప్పటి నుండి నడుముదాకా రావడానికి ఎంతసేపు పట్టింది? పాయలో ఇసుక ఎటు జారింది? పది నిమిషాలు కూడా పట్టలేదని చెప్పాను. ఆయన ఆ మాటను పెదవుల మీదే రెండుసార్లు అనుకొన్నాడు. అంతలో రాత్రి షిఫ్టు దిగిన కుర్రవాళ్ళు ఇద్దరు వచ్చి ఎర్రలు అడిగారు. కాకా కుండ మీద చెయ్యి పెట్టి, "ఏడ వేస్తరు ముందుగాల చెప్పుండ్రి" అన్నాడు.