ఎక్కడ పడుకుందాం?

సావనీరుకి ఏదైనా వ్రాయవోయ్ అని మన యూనియన్ సాహిత్య కార్యదర్శి రెండు వారాలుగా నా వెంట పడుతున్నాడు. కవిత్వం నాకు రాదు. కథ వ్రాస్తే అందులో హీరో నేనేనని హాస్టలంతా అంటుంది. అంచేత జరిగినదే వ్రాస్తాను. తిరువయ్యారులో ఒక్క రాత్రి ఎక్కడ పడుకోవాలా అని నలుగురం కలిసి పడ్డ తగువు ఇది. ఇంత చిన్న విషయానికి ఇన్ని పేజీలా అని విసుక్కోకండి. పడుకునే చోటుని బట్టే తెల్లవారి ఏం జరుగుతుందో నిర్ణయమైపోతుందని నాకు ఆ రాత్రే తెలిసింది.

త్యాగరాజస్వామి 1847 జనవరి 6న సమాధి అయ్యారు. అది పుష్య బహుళ పంచమి. ఏటా ఆ తిథికి కావేరి ఒడ్డున ఆయన సమాధి దగ్గర ఆరాధనోత్సవాలు జరుగుతాయి. చివరి రోజు పొద్దున్న దేశంలోని పెద్ద పెద్ద విద్వాంసులంతా నేలమీద బారులు తీరి కూర్చుని పంచరత్న కీర్తనలు ఒక్క గొంతుతో పాడతారు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ - ఇదీ వరస. మొదటిది సంస్కృతం, మిగతా నాలుగూ మన తెలుగు. ఇదంతా నాకు సంగీతం వచ్చి చెప్తున్నది కాదు. మా అమ్మ పుణ్యం.

మా అమ్మ పెళ్ళికి ముందు ఎనిమిదేళ్ళు సంగీతం నేర్చుకుంది. పంచరత్నాల్లో నాలుగు వచ్చు. నాలుగోది, వరాళిలోది మాత్రం రాదు. వరాళి రాగాన్ని గురువు ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పకూడదనీ, చెబితే గురుశిష్యులకి చెడుతుందనీ పాతకాలం నుంచీ ఒక నమ్మకం ఉంది. "వినీ వినీ పట్టుకోవాలమ్మా" అన్నారట మేష్టారు. ఆ వినడం పూర్తి కాకుండానే పెళ్ళయిపోయింది. మా ఇంట్లో అమ్మని పాడొద్దని ఎవరూ అనలేదు. పాడమని కూడా ఎవరూ అనలేదు.

ఏటా పంచమినాడు ఆకాశవాణిలో పంచరత్నాల ప్రత్యక్ష ప్రసారం వస్తుంది. తొమ్మిదింటి వేళ. అంటే నాన్న ఆఫీసు వేళ, నా స్కూలు వేళ. నాటకి అమ్మ కూర తరిగేది. గౌళకి కారియర్ సర్దేది. ఆరభికి నా జడపదార్థం బుర్రకి నూనె రాసి దువ్వేది. సరిగ్గా వరాళి మొదలయ్యేసరికి "అమ్మా, నా రెండో సాక్సు ఏదీ?" అని అరిచేవాణ్ణి. ఇలా ఎన్నేళ్ళు గడిచాయో లెక్క కట్టాలంటే నాకే సిగ్గుగా ఉంది.

2025లో పంచమి జనవరి 18న పడింది, సంక్రాంతి సెలవుల వెనకాలే. "ఈసారి వెళ్దామా అమ్మా?" అన్నాను. మాటవరసకే అన్నాను. అమ్మ వెంటనే "సరే" అంది. నాన్న పేపరు దించి "పండగపూట ఇల్లొదిలా?" అన్నారు. "పండగయ్యాకే వెళ్తాం. కనుమనాడు కాకైనా కదలదుగా, ముక్కనుమనాడు బయల్దేరతాం" అంది అమ్మ. అప్పటికే మనసులో టైంటేబులు వేసుకున్నదన్నమాట!

నాతో ఇద్దరు మిత్రులు తయారయ్యారు. ఒకడు జియాలజీ ఎమ్మెస్సీ. వాడికి కావేరి చూడాలని. రెండోవాడు కోనసీమవాడు. వాడికి తంజావూరు కాఫీ తాగాలని. సంగీతం ఇద్దరికీ సమానంగా రాదు. కోనసీమవాడు విజయవాడలో రైలెక్కి మాకు సీట్లు కాస్తూ వచ్చాడు. మేం తెనాలిలో ఎక్కాం. జియాలజీవాడి భుజాన ఓ పెద్ద మూట. ఏమిట్రా అంటే బరకం! ధాన్యం రాశుల మీద కప్పేది, వాళ్ళ ఊళ్ళో మిల్లులో అడిగి తెచ్చాట్ట. "నేను తంజావూరులో లాడ్జి గదులు బుక్ చేశాను, ఇదెందుకు?" అన్నాను. "పొలం పనికి పోయేవాడు బరకం లేకుండా పోతాడా?" అన్నాడు. వాడి భాషలో ఫీల్డువర్కు అంటే పొలం పనే.

పదిహేడో తారీకు తెల్లవారేసరికి తంజావూరులో దిగాం. స్నానాలు చేసి, కాఫీలు తాగి (కోనసీమవాడు మూడు), బస్సులో తిరువయ్యారు వెళ్ళాం. ఇక్కడికీ అక్కడికీ సుమారు 13 కిలోమీటర్లు. దారిలో వడవారు, వెణ్ణారు, వెట్టారు, కుడమురుట్టి, కావేరి, ఇలా వంతెన మీద వంతెన. ఐదు నదుల ఊరు కాబట్టే తిరు-ఐ-యారు అని జియాలజీవాడు వ్యాఖ్యానం చెప్పాడు. అమ్మ మాత్రం కిటికీలోంచి చూస్తూ మాట్లాడకుండా కూర్చుంది.

పెద్ద పందిరి. పక్కపక్కనే రెండు వేదికలు. ఒకదాని మీద ఒకరు పాడుతుంటే రెండోదాని మీద తరువాతివారు శ్రుతి చూసుకుంటున్నారు. ఎంతటివారికైనా కొద్ది నిమిషాలే. కింద ఇసకలో జనం. సమాధి మందిరం చూసి, పక్కనే ఉన్న బెంగుళూరు నాగరత్నమ్మగారి సమాధికీ దణ్ణం పెట్టుకున్నాం. శిథిలమైపోతున్న ఆ స్థలాన్ని సొంత డబ్బుతో కొని, 1920లలో గుడి కట్టించిన మహాతల్లి ఆవిడ. ఆ రోజుల్లో ఆడవాళ్ళని అక్కడ పాడనిచ్చేవారు కారు. ఆవిడ కట్టించిన గుడి ముందు ఆవిడకే పాట లేదు! ఆవిడ పోరాడి, వేరే ఉత్సవం పెట్టించి ఆడవాళ్ళచేత పాడించారు. 1940 తరువాత అందరూ ఒకటయ్యారు. ఆవిడ పోయింది 1952లో. అమ్మ అక్కడ చాలాసేపు నిలబడింది. నాకు ఆకలేస్తోంది కాబట్టి "పదమ్మా" అన్నాను.

సాయంత్రం అసలు తగువు మొదలైంది.

"రేపు పొద్దున్న ఐదింటికల్లా ఇక్కడుండాలి. ముందు వరసల్లో కూర్చుంటేనే వినపడుతుంది" అంది అమ్మ.

"మైకులున్నాయి కదమ్మా."

"మైకులో వినాలంటే ఇంట్లో రేడియో లేదూ?"

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. కాని లాడ్జికి డబ్బు కట్టాను. అక్కడ ఫ్యానుంది, వేణ్ణీళ్ళున్నాయి. "నీ మోకాళ్ళ సంగతేమిటి? మంచులో పడుకుంటే రేపు లేవగలవా?" అన్నాను. ఇది బయటికి చెప్పిన కారణం. లోపలి కారణం వేరు. మా అమ్మ అరుబయట మూట తలకింద పెట్టుకుని పడుకోవడం నా స్నేహితులు చూడ్డం నాకిష్టం లేదు. ఇవాళ వ్రాస్తున్నాను కాని ఆవేళ నాకు నేను కూడా చెప్పుకోలేదు.

బస్సు స్టాండులో వాకబు చేస్తే, పంచమి పొద్దున్న తంజావూరు బస్సుల్లో కాలు పెట్టడానికి చోటుండదన్నారు. అమ్మ ఏమీ అనలేదు. అమ్మ ఏమీ అనకపోతే ఏమిటర్థమో నాకు తెలుసు. ఇరవై ఏళ్ళుగా వరాళి దగ్గర కూడా ఏమీ అనలేదు.

"సరే, ఇక్కడే ఉందాం" అన్నాను.

జియాలజీవాడికి ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. బరకం భుజానికెత్తుకుని సర్వే మొదలుపెట్టాడు. సత్రాలన్నీ ఎప్పుడో నిండిపోయాయి. పందిట్లోనే పడుకుందామంటే కచేరీలు రాత్రి పొద్దుపోయేదాకా, లౌడ్‌స్పీకర్లు నెత్తిమీదే. కోనసీమవాడు ఏటి ఒడ్డున మెత్తటి ఇసక చూపించి, "ఇంతకంటే పరుపేముందిరా" అన్నాడు. జియాలజీవాడు మోచేతిలోతు గొయ్యి తవ్వాడు. అడుగున నీరూరింది. "మామూలుగా మెట్టూరు డ్యాము జూన్ 12న తెరిచి జనవరి 28న మూస్తారు. ఇంకా మూయలేదు, ఏట్లో నీళ్ళున్నాయి. పైన రెగ్యులేటర్ దగ్గర ఎవడైనా ఒక తలుపెత్తితే మన పరుపు తడుస్తుంది. ఏటి గర్భంలో పడుకునేవాడు నిద్రపోకూడదు, నిద్రపోయేవాడు ఏటి గర్భంలో పడుకోకూడదు" అన్నాడు. వాడి జీవితంలో వాడు చెప్పిన ఒకే ఒక్క సూక్తి.

పైన గట్టు దాటి కొబ్బరితోట ఉంది. ఎత్తు నేల, పొడి నేల, గాలి తక్కువ. "ఇదీ చోటు!" అన్నాడు. ఈసారి కోనసీమవాడు నవ్వాడు. "కొబ్బరిచెట్టు కింద పడుకుంటావా? మా వైపు పశువుని కూడా కట్టరు. పిన్నిగారి తలమీద కాయ పడితే నీ జియాలజీ అడ్డుకుంటుందా?" అని పైకి చూపించాడు. గెలలు గెలలుగా ఉన్నాయి.

అలా తిరిగి తిరిగి చీకటి పడింది. అమ్మ నడక మందగించింది. ఒక పాతకాలపు పెంకుటింటి అరుగుమీద కూర్చుండిపోయింది. లోపల్నుంచి ఓ ముసలావిడ వచ్చింది. ఎనభై దాటి ఉంటాయి. అరవంలో ఏదో అడిగింది. మాకు అరవం రాదు. ఆవిడకి తెలుగు రాదు. అమ్మ పందిరి వైపు చూపించి, ఎడంచెయ్యి తొడమీద వేసి తాళం వేసి చూపించింది. ఆవిడ మొహం విప్పారింది. "పాడువీంగళా?" అంది. పాడతావా అని అడుగుతోందని ఆ మాత్రం మాకూ అర్థమైంది. అమ్మ తలూపలేదు, అడ్డంగానూ ఊపలేదు. నాలుగు వేళ్ళు చూపించి "నాట, గౌళ, ఆరభి, శ్రీ" అంది. ఐదో వేలు ముడిచి "వరాళి" అని చెయ్యి తిప్పేసింది.

ముసలావిడ నవ్వింది. ఆవిడకి వరాళి వచ్చుననీ, కీర్తనలోని తెలుగు మాటలన్నీ మనకంటే బాగా వచ్చుననీ తరువాత తెలిసింది. ఆ రాత్రి అమ్మకోసం ఒక్కసారి పాడతారా అని నేను సైగ చేస్తే మాత్రం రెండు చెవులూ మూసుకుంది. "నాళైక్కి, నాళైక్కి" అంది. రేపు అని. ఆ నమ్మకం ఆవిడకీ ఉందన్నమాట.

అరుగు మాకిచ్చింది. అమ్మని లోపల పడుకోమంది. అమ్మ ఒప్పుకోలేదు. జియాలజీవాడు అరుగు స్తంభాలకి బరకం కట్టి మంచు పడకుండా గోడ లేపాడు. రాత్రంతా దూరంనుంచి మైకులో ఎవరో పాడుతూనే ఉన్నారు. అమ్మ పడుకుందో లేదో తెలీదు. నేను మాత్రం బ్రహ్మాండంగా నిద్రపోయాను.

నాలుగింటికి అమ్మ నన్ను తట్టి లేపింది. కావేరిలో స్నానం చేసి తడిజుట్టుతో తయారుగా ఉంది. చేతిలో ముసలావిడ ఇచ్చిన కాఫీ గ్లాసు. ఐదింటికి ముందే పందిట్లో ఆడవాళ్ళ వైపు, విద్వాంసులకి వదిలేసిన స్థలం వెనకే కూర్చుంది. మేం ముగ్గురం మగవాళ్ళ వైపు. తొమ్మిది దాటాక శ్రుతులు కలిశాయి. నాట మొదలైంది.

నేను పాటకంటే అమ్మనే చూశాను. మొదట పెదవులు కదిలాయి. గౌళకి గొంతు కలిసిందనుకుంటాను, పక్కావిడ తిరిగి చూసి నవ్వింది. ఆరభికి వొళ్ళంతా పాడుతోంది. మా అమ్మ అంత గట్టిగా పాడగలదని నాకు ఆవేళ దాకా తెలీదు. చుట్టూ వేలమంది, అందులో సగానికి పైగా తెలుగు మాట్లాడనివాళ్ళు, తెలుగు పాడుతున్నారు. వరాళి దగ్గర అమ్మ నోరు మూసుకుంది. కళ్ళు కూడా మూసుకుంది. చెయ్యి ఒక్కటే తాళం వేస్తోంది. ఆ కాసేపూ నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. ఎవరైనా "అమ్మా, సాక్సు ఏదీ" అంటారేమోనని భయం.

ఎవరూ అనలేదు.

బయటికొచ్చాక అడిగాను: "పట్టుబడిందా?"

"పల్లవీ, అనుపల్లవీ వచ్చాయి. చరణాలు ఎక్కువరా, ఒక్కసారికి నిలుస్తాయా? మళ్ళీ వినాలి" అంది. మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయా అంటే, "ఉన్నాయి" అని నవ్వింది.

లాడ్జి డబ్బు పోయింది. నాన్నకి ఆ సంగతి ఇంకా చెప్పలేదు. ఈ సావనీరు ఇంటికి వెళ్తే తెలుస్తుంది. ఇప్పుడు సెలవులకి వెళ్తే వంటింట్లోంచి వరాళి పల్లవి వినపడుతుంది. అనుపల్లవి దాకా వచ్చి ఆగిపోతుంది. అప్పుడు నాన్న పేపరు దించి, "తరవాతది?" అంటారు. ఇంతకుముందు అలా అడగ్గా నేను వినలేదు.

కాబట్టి మిత్రులారా, ఎక్కడికైనా ఉత్సవానికి వెళ్తే చోటు చూసుకోవడం గురించి నేను నేర్చుకున్నది ఇది: ఏటి ఇసకలో వద్దు, కొబ్బరిచెట్టు కింద వద్దు, లౌడ్‌స్పీకరు కింద అసలే వద్దు. ఫ్యాను ఎక్కడుందో తరువాత చూద్దాం. ముందు మీతో వచ్చినవాళ్ళు ఎందుకు వచ్చారో కనుక్కోండి. దానికి దగ్గరగా పడుకోండి.

వచ్చే పుష్య బహుళ పంచమికి ఎవరైనా వస్తామంటే హాస్టల్లో నన్ను కలవండి. బరకం మా దగ్గరే ఉంది. మిల్లువాళ్ళు ఇంకా అడగలేదు.