నెట్ పోయాక విన్న పాట

నాకు రాక్ సంగీతం అంటే పడదు. పడదు అనడం కన్నా భయం అనాలేమో. ఇంజనీరింగ్ హాస్టల్లో పక్క గదివాడు అర్ధరాత్రి పెట్టే గిటార్ల గోలకి దుప్పటి చెవులకి చుట్టుకుని పడుకున్న రోజులున్నాయి. మా ఇంట్లో పాటలంటే నాన్నకి ఘంటసాల, అమ్మకి సుశీల, నాకు ఇళయరాజా. అక్కడితో సరి. అలాంటివాణ్ణి ఇప్పుడు ఇండియన్ ఓషన్ అనే బ్యాండు గురించి దొరికినవాళ్ళకల్లా చెప్పి విసిగిస్తున్నాను. ఇదెలా జరిగిందో చెప్పాలంటే 2022 మే నెలకీ, మా ఉప్పలగుప్తానికీ వెళ్ళాలి.

అప్పటికింకా నాది ఇంటి నుంచే పని. ఏప్రిల్ 4న కోనసీమ కొత్త జిల్లా అయింది. మే 18న దానికి అంబేద్కర్ గారి పేరు చేరుస్తూ ప్రభుత్వం ప్రాథమిక ప్రకటన ఇచ్చింది. 24న అమలాపురంలో ఏం జరిగిందో మీరు టీవీల్లో చూసే ఉంటారు. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు, బస్సులు కాల్చారు. దాంతో నెట్ ఆపేశారు. ఒకటి రెండు రోజులు అనుకున్నాం. అటూ ఇటూగా రెండు వారాలు అలాగే గడిచింది.

నాలాంటి ఐటీ కూలీలంతా లాప్‌టాప్ సంచీలు భుజాన వేసుకుని సిగ్నల్ వెతుక్కుంటూ బయల్దేరారు. గోదావరి గట్టు మీద కొందరు, లాడ్జి గదుల్లో కొందరు. నేనైతే పొద్దున్నే బండి తీసి, ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక వంతెన దాటి యానాం పోయేవాణ్ణి. అది పుదుచ్చేరిది కాబట్టి అక్కడ నెట్ ఉంది. వంతెనకి అవతల ప్రపంచం, ఇవతల ఇటుకరాయి లాంటి ఫోను. సాయంత్రం ఇంటికొస్తే చెయ్యడానికి ఏమీ లేదు.

అప్పుడు గుర్తొచ్చింది నా పాత హార్డ్ డిస్కు. అందులో మా టీమ్ లీడ్ తన సీడీల నుంచి ఎక్కించి ఇచ్చిన ఆల్బమ్‌లున్నాయి. "ఒక్కసారి విను" అన్నారాయన. విన్నాను కూడా, ముప్ఫై సెకన్లు. పల్లవి రాలేదు, మార్చేశాను. యూట్యూబు ఉన్నంతకాలం మన ఓపిక అంతే కదా! ఇప్పుడు మార్చుకోడానికి వేరే పాట లేదు. మేడ మీద చాప వేసుకుని, చిన్న స్పీకరు పెట్టుకుని, 2000లో వచ్చిన 'కందీసా' ఆల్బమ్ మొదలెట్టాను. ఏడే ఏడు పాటలు.

మొదటి రోజు చిరాకు. రెండో రోజు అయోమయం. ఇది రాకేనా? అరుపులేవి? ఇక్కడ ఒకాయన తబలా వాయిస్తూ వాయిస్తూనే పాడతాడు. ఆయన అశీమ్ చక్రవర్తి. మనం హరికథల్లో, భజనల్లో చూసిందే, పాడేవాడే తాళం కూడా వేస్తాడు. కానీ ఒకే మనిషి చేతులతో తబలా లాగుతూ గొంతు ఇంకో దారిలో తీసుకెళ్తుంటే తల తిరిగిపోయింది. సుస్మిత్ సేన్ గిటార్ వింటుంటే వీణ నేర్చుకున్నవాళ్ళెవరో వాయిస్తున్నట్టుంటుంది. డ్రమ్స్ వాయించే అమిత్ కిలం, బెంగాల్ బౌల్ గాయకులు వాడే గబ్‌గుబీ అనే వాద్యం కూడా పట్టుకుంటాడు. ఇక బేస్ గిటార్ వాయించే రాహుల్ రామ్ అయితే అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీలో పర్యావరణ విషశాస్త్రంలో పీహెచ్‌డీ చేసొచ్చి, నర్మదా బచావో ఆందోళనలో తిరిగిన మనిషి. 'మా రేవా' అనే పాట అక్కడి జనం పాడుకునే నర్మద పాట. రేవా అంటే నర్మదే. (ఇన్నేళ్ళు గోదారి పక్కన ఉండి నాకు పూర్తిగా వచ్చిన గోదారి పాటలన్నీ సినిమావే! సిగ్గేసింది.)

నాలుగో రోజుకి, పల్లవి కోసం వెతకడం మానేశాను. పడవెక్కినట్టు కూర్చోవడమే, అది ఎటు పోతే అటు. కింద నుంచి నాన్న "ఏంట్రా ఆ సణుగుడు?" అని అరిచారు. ఇంకో రెండు రోజులకి "ఆ తబలా పాట పెట్టు" అన్నారు :)

అన్నిట్లోకీ నన్ను పట్టుకున్నది ఆల్బమ్ పేరున్న పాటే, 'కందీసా'. మెల్లిగా మొదలై, గొంతులు ఒకదాని మీద ఒకటి చేరుతూ పైకి పోతుంది. ఒక్క ముక్క అర్థం కాలేదు. హిందీ కాదు, నాది ఆటోవాళ్ళతో మాట్లాడే హిందీయే అయినా ఆ మాత్రం తెలుస్తుంది. మర్నాడు యానాంలో మీటింగుల మధ్య వెతికి చూశాను. అది అరమాయిక్. యేసు మాట్లాడిన భాష. కేరళ సిరియన్ క్రైస్తవుల పాత ప్రార్థన. ఆ మాటకి అర్థం పవిత్రుడు అని.

ఇక్కడొక సంగతి చెప్పాలి. నాకు ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఒకే బెంచీలో కూర్చున్న స్నేహితుడున్నాడు. పేటలో ఉంటారు వాళ్ళు. క్రిస్మస్‌కి వాళ్ళింటి నుంచి కేకు, సంక్రాంతికి మా ఇంటి నుంచి అరిసెలు. జిల్లా పేరు గొడవ మొదలైన ఆ వారంలో నేనొక వాట్సాప్ స్టేటస్ పెట్టాను. ఎవరో పంపిన వెటకారం. నవ్వొచ్చింది, కిందా మీదా చూడకుండా పెట్టేశాను. చూసినవాళ్ళ లిస్టులో వాడి పేరుంది. వాడేం అనలేదు. తర్వాత నెట్ పోయింది. కాల్స్ పనిచేస్తూనే ఉన్నాయి. నేనే చెయ్యలేదు. నెట్ లేకపోవడం నాకు మంచి సాకు అయింది.

ఆ రాత్రి మళ్ళీ అదే పాట విన్నాను. ఈసారి విన్నంతసేపూ వాడే గుర్తొచ్చాడు. మర్నాడు సాయంత్రం వాళ్ళింటికెళ్ళాను. వాళ్ళమ్మగారు "రా బాబు" అన్నారు గానీ ఎప్పట్లా కబుర్లు చెప్పలేదు. నేను నసుగుతూ "ఆ స్టేటస్ తప్పయిపోయింద్రా" అన్నాను.

"తీసేశావా?" అన్నాడు.

"ఇరవై నాలుగ్గంటలకి అదే పోద్ది కదరా."

"అదే పోడం వేరు, నువ్వు తియ్యడం వేరు."

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. కాసేపు ఎవరం మాట్లాడలేదు. ఏం చెయ్యాలో తోచక ఫోన్లో ఆ పాట పెట్టాను. సగం అయ్యేసరికి వాళ్ళమ్మగారు గుమ్మంలోకొచ్చి నిలబడ్డారు. "ఇదే భాష బాబూ? ప్రార్థనలా ఉందే" అన్నారు. నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. నేను నెట్లో వెతికి తెలుసుకున్నది ఆవిడకి ఊరికే వింటే తెలిసింది. వాడు మాత్రం చివరికి ఒకే మాట అడిగాడు, "తబలా ఎవడ్రా?" అని.

ఒక పాటతో అంతా సర్దుకుపోయిందని చెప్పను. అబద్ధమవుతుంది. ఇప్పుడు మాట్లాడుకుంటాం, పాటలు పంపుకుంటాం, మునుపటంత చనువు మాత్రం లేదు. పోగొట్టింది నేనే కాబట్టి నిదానంగా సంపాదించుకోవాల్సింది కూడా నేనే.

ఆ తబలా అశీమ్ 2009 డిసెంబర్ 25న చనిపోయాడని తర్వాత చదివాను. అంటే నేను ఆయన గొంతుతో స్నేహం చేసేటప్పటికే ఆయన పోయి పన్నెండేళ్ళు దాటింది. సుస్మిత్ కూడా 2013లో బయటికొచ్చేశాడు. బ్యాండు మాత్రం కొత్తవాళ్ళతో నడుస్తూనే ఉంది.

మీరు కొత్తగా వినాలనుకుంటే నాదొక సలహా. ముందు 'మా రేవా' వినండి, తర్వాత 'కందీసా', ఆ తర్వాత 'బ్లాక్ ఫ్రైడే' సినిమా కోసం చేసిన 'బందే'. వాటికి అలవాటు పడ్డాకే, పాట తక్కువ వాయింపు ఎక్కువ ఉండే 'డెజర్ట్ రెయిన్' జోలికి వెళ్ళండి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఫోన్ ఎయిరోప్లేన్ మోడ్‌లో పెట్టి వినండి. ఓ నాలుగు రోజులు పాట మార్చకండి. నాకు నచ్చలేదు అని తీర్పు చెప్పేముందు ఆ మాత్రం కూర్చోవడం పాటలకే కాదు, మనుషులకి కూడా బాకీ ఉన్నామని నాకైతే అనిపిస్తోంది. ఏమంటారు?