సంతకానికి ముందే రాయించాల్సింది

తెనాలి

సుధా,

నీ వాట్సాప్ ప్రశ్నకి రెండు ముక్కల్లో జవాబివ్వడం నా వల్ల కాలేదు, అందుకే ఈ ఉత్తరం. మీ పెద్దమావయ్యగారు ఇల్లు చిన్నకొడుకు పేర దాన సెటిల్‌మెంట్ రాసేస్తానంటున్నారనీ, డల్లాస్‌లో ఉండి నువ్వేం చెప్పగలవనీ అడిగావు. చెప్పాల్సింది చాలానే ఉంది, కాకపోతే రిజిస్ట్రేషన్‌కి ముందే చెప్పాలి.

మన దస్తావేజు లేఖరుల ధోరణి నీకు తెలిసిందే. "నీ మీద నాకు గల ప్రేమాభిమానముల చేత ఈ ఆస్తిని నీకు దఖలుపరచి నేడే స్వాధీనం చేసినాను, ఇకమీదట నాకు గాని నా వారసులకు గాని ఎట్టి హక్కూ లేదు." ఎవరొచ్చినా అదే నమూనా. అన్నం ఎవరు పెడతారు, మందులెవరు కొంటారు అన్న ఊసే అందులో ఉండదు. 2007 నాటి వయోవృద్ధుల చట్టంలో 23వ సెక్షన్ ఉంది కదా, ఇల్లు ఎప్పుడైనా వెనక్కొస్తుందని జనం ధీమా. కానీ బాగోగులు చూడాలన్న షరతు మీద ఇచ్చి ఉండాలి, ఆ షరతు తప్పి ఉండాలి. ఈ రెండూ తేలితేనే ఆ సెక్షన్ పనిచేస్తుంది. సుదేశ్ ఛికారా కేసులో 2022లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ఇల్లు తిరిగి కోరిన తల్లి తన అర్జీలో షరతు మాటే ఎత్తలేదు, దాంతో ట్రిబ్యునల్ ఆమెకిచ్చిన ఉత్తర్వు నిలవలేదు.

2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ తీర్పు కాస్త ఊపిరి పోసింది. మధ్యప్రదేశ్‌లో ఓ తల్లి కొడుక్కి ఇల్లు రాసిచ్చింది. చూసుకుంటానని కొడుకు అదే రోజు విడిగా కాగితం రాసిచ్చాడు. ఆ షరతు దానపత్రంలో లేదని, రద్దు కుదరదని హైకోర్టు అంది. ఇది పెద్దవాళ్ల మేలు కోసం చేసిన చట్టం, ఉదారంగా చదవాలని సుప్రీంకోర్టు దానపత్రాన్ని రద్దుచేసి ఇల్లు ఆమెకి ఇప్పించింది. ఆ తీర్పుని చూసుకుని ధీమాగా ఉండొద్దంటాను నేను. ఆమె చేతిలో ఆ కాగితం ఉంది. మనవాళ్లలో ఎంతమంది దగ్గర ఉంటుంది?

కాబట్టి షరతు దస్తావేజులోనే రాయించు. "బాగా చూసుకోవాలి" అంటే చాలదు. భోజనం, వైద్యం, ఉండడానికి ఫలానా గది, నెలకింత సొమ్ము, ఇవి తప్పితే దానం రద్దవుతుందని విడమరిచి రాయాలి. "నాకిష్టం లేకపోతే రద్దు చేస్తాను" అని మాత్రం రాయనివ్వకు, ఆస్తి బదిలీ చట్టం 126వ సెక్షన్ ముందు అది చెల్లదు. నన్నడిగితే అసలు దానమే వద్దు, వీలునామా రాయమంటాను. ప్రాణమున్నన్నాళ్లూ మార్చుకోవచ్చు, ఇల్లూ చేయి దాటదు.

ఇక ఈ చట్టం కింద ట్రిబ్యునల్‌కి వెళ్లడమంటే ఇక్కడ ఆర్డీవో గారి ముందుకే. మనోవర్తి 90 రోజుల్లో తేల్చాలని చట్టం, ప్రత్యేక కారణముంటే ఇంకో 30. నెలకి 10,000 మించకూడదన్న పరిమితి మాత్రం అలాగే ఉంది. దాన్ని ఎత్తేస్తామంటూ 2019లో తెచ్చిన బిల్లు లోక్‌సభ రద్దుతోనే పోయింది. పదివేలు మందులకే చాలని ఇళ్లున్నాయి. 17వ సెక్షన్ ప్రకారం మన నల్లకోట్లకి అక్కడ ప్రవేశం లేదు. అది చెల్లదని కేరళ హైకోర్టు 2021లో అంది. నాకు మాత్రం ఆ నిషేధంలో కొంత న్యాయం కనిపిస్తుంది. మొన్నొక ముసలావిడ ప్లాస్టిక్ సంచీలోంచి దస్తావేజు తీసి నా చేతిలో పెట్టి, "కేసొద్దమ్మా, వాడి చేత అన్నం పెట్టించండి చాలు" అంది. ఆవిడ ఆ మాట ఆర్డీవోకే నేరుగా చెప్పుకుంటే ఎక్కువ పని జరుగుతుంది. మనం అర్జీ తయారుచేసి, పాస్‌బుక్కు, మందుల బిల్లులు జతచేసి ఇస్తే చాలు.

మావయ్యగారింట్లో కోడలు కూడా ఉంది కదా. ఆవిణ్ణి బయటికి పంపేద్దామని ఎవరైనా సలహా ఇస్తే నమ్మొద్దను. గృహహింస చట్టం కింద కోడలికున్న నివాసహక్కుని వయోవృద్ధుల చట్టం తుడిచేయలేదని ఎస్. వనిత కేసులో 2020లోనే తేలింది.

మావయ్యగారు ముహూర్తం పెట్టేలోపు దస్తావేజు చిత్తుప్రతి ఫోటో తీసి పంపించమను. నాలుగు పేజీలే కదా, ఒక సాయంత్రం కూర్చుని దిద్దిస్తాను. ఫీజేమీ వద్దని చెప్పు, లేకపోతే మొహమాటపడతారు.

నీ
లలిత