చిరువేరు ఎరుపు

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న 18వ శతాబ్దపు గౌన్ల ఫొటోలు అప్పుడప్పుడూ తీసి చూసుకుంటాను. కుట్టు ఐరోపాది. బట్ట మాత్రం మన కోరమాండల్ తీరానిది. తెల్లటి నూలు మీద తీగలు, పువ్వులు, ఆ ఎరుపు!

అది చిరువేరు ఇచ్చిన ఎరుపు. బట్టను ముందు కరక్కాయ కలిపిన పాలల్లో నానబెట్టాలి. పటిక నీళ్లలో కలం ముంచి బొమ్మ గీయాలి. తర్వాత వేరు వేసి కాగబెడితే పటిక తాకినచోటే రంగు పడుతుంది. ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. ఐరోపా అద్దకంవాళ్లకు చాలాకాలం చేతకాని విద్య ఇదే.

ఫ్రాన్స్ ఈ బట్టలను 1686 నుంచి 1759 దాకా నిషేధించింది. ఇంగ్లండు 1721లో అద్దకపు నూలుబట్టలు చాలావాటిని కట్టుకోవడమే నేరమంది. అయినా ఆడవాళ్లు మానలేదు. వాళ్లంటే నాకెంత అభిమానమో!

1742లో కేర్దూ అనే ఫ్రెంచి పాద్రీ (తెలుగు నిఘంటువు కూర్చింది కూడా ఈయనే) పనివాళ్లను అడిగి తెలుసుకుని, ఈ పద్ధతంతా ఉత్తరంలో రాసి పంపాడు. నా మనసు మాత్రం ఆయనకు చెప్పినవాళ్ల చుట్టూనే తిరుగుతుంది. ఒక గౌను అంచున తీగ గీత కాస్త వణికినట్టుంటుంది. ప్రతిసారీ అక్కడే ఆగిపోతాను.