నాన్నగారి గొంతు

బరంపురంలో మూడు తరాలుగా ఉంటున్న ఇల్లు మాది. నాన్నగారు తమ చిన్ననాటి కబుర్లను తెలుగులో చెప్పి, లాప్‌టాప్‌లో దాచి వెళ్ళిపోయారు.

ఈమధ్య అది మొరాయిస్తే, సీ డ్రైవ్ చెరిపి విండోస్ 10 మళ్ళీ ఎక్కించాను. 2025 అక్టోబరు 14తో దానికి మామూలు మద్దతు ముగిసినా, ఆ ముసలి యంత్రం 11ను మోయలేదు మరి. కబుర్లున్న డీ డ్రైవ్ ముట్టుకోలేదు. అయినా ఎంత నొక్కినా మాట వినిపించదే! అమ్మ మొహం చూడలేకపోయాను.

పోయింది గొంతు కాదు, డ్రైవర్లు. విండోస్‌కూ యంత్రభాగాలకూ నడుమ దుబాసీల్లాంటి ప్రోగ్రాములవి. నెట్‌లోంచి తెద్దామంటే వైఫై డ్రైవరూ లేదు. పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు!

చివరికి సెల్‌ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో తగిలించి, టెదరింగ్ పెట్టాను. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తున్నచోట హార్డ్‌వేర్ ఐడీ చూస్తే తయారీదారు సంఖ్య 8086, అంటే ఇంటెల్. లాప్‌టాప్ అడుగునున్న మోడల్ నంబరు పట్టుకుని, కంపెనీవారి సైటు నుంచి ముందు చిప్‌సెట్, తర్వాత వైఫై, సౌండు డ్రైవర్లు దించాను.

"ఒరే అబ్బాయ్..." అంటూ నాన్నగారు పలికారు.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మనవణ్ణి పిలు. వాడికి ఒడియా వచ్చినంతగా తెలుగు రాదు, విననీ" అంది.

యంత్రం చెరిపేముందు డ్రైవర్లనూ, పెద్దల మాటలనూ పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. నేను ఆ పని తర్వాత చేశాను.