మూడో పాళీ మనిషి



పిల్లలు ఫోన్ల ఏదో సీరియల్ చూసి, దాని గురించి గంటలకొద్ది కొట్లాడుకుంటుంటే మన ముసలోళ్ళకు కోపం వస్తది. "చదువు లేదు, సంధ్య లేదు, లేని మనుషుల గురించి లొల్లి" అని తిడుతం. మా మనుమడు, వాని దోస్తులు కూడ అట్లనే కొట్లాడుతరు. వాళ్ళ లొల్లి స్టార్ ట్రెక్ అనే సీరియల్ గురించి. రెండేండ్ల నుంచి గ్యాలరీల కూర్చొని నేను అది వింటున్న. అది ఉత్త లొల్లి కాదు అని చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు రాస్తున్న.

తెలియనోళ్ళకు ముందుగాల సంగతి చెప్త. స్టార్ ట్రెక్ అమెరికా సీరియల్. 1966 సెప్టెంబరుల మొదలైంది. 1969ల ఆపేసేనాటికి 79 భాగాలు వచ్చినయి. ఇప్పటికి రెండు మూడు వందల ఏండ్ల తర్వాత ఆకాశంల తిరిగే ఎంటర్‌ప్రైజ్ అనే ఓడ కథ అది. ఓడల 430 మంది ఉంటరు. కెప్టెన్ పేరు కిర్క్. మొనదేలిన చెవులతోని, నవ్వకుండ ఉండే మనిషి స్పాక్. ఆ 79తోని కథ ఆగలేదు. తర్వాత సినిమాలు వచ్చినయి, వేరే వేరే పేర్లతోని సీరియళ్ళు వచ్చినయి, ఇంక వస్తనే ఉన్నయి. అన్నీ ఒకటే కథకు కొనసాగింపు. అందుకని 1967ల ఒకరు చెప్పిన మాటకు, 2005ల ఇంకొకరు చెప్పిన మాటకు పొత్తు కుదరాలె. కుదరని కాడనే కొట్లాట.

మన ఈడు వాళ్ళల్ల కొందరికి యాదికి ఉంటది. 1980లల్ల ఆదివారం పొద్దున దూరదర్శన్ల ఈ సీరియల్ వచ్చేది. చాల్‌కు అంతటికి ఒకటే టీవీ, బ్లాక్ అండ్ వైట్. నేను చదివింది నాలుగో తరగతి. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా ఆ చెవులాయన కోసం చూసేటోణ్ణి. వాళ్ళు ఏం మాట్లాడుకున్నరో నలభై ఏండ్ల తర్వాత నా మనుమడు చెప్తే తెలిసింది.

ఇప్పుడు అన్నిట్ల పెద్ద కొట్లాట ఏందో చెప్త. 1967 ఫిబ్రవరిల ఒక భాగం వచ్చింది. ఎంటర్‌ప్రైజ్ ఓడకు ఆకాశంల ఒక పాత ఓడ దొరుకుతది. దాంట్ల వందల ఏండ్లుగ నిద్రపోతున్న మనుషులు. వాళ్ళ నాయకుని పేరు ఖాన్ నూనియన్ సింగ్. ఒకే మనిషికి ఖాన్, సింగ్ రెండూ ఎట్ల పెట్టిన్రో మనకు నవ్వొస్తది, అది వేరే ముచ్చట. వాడు లేచి ఓడను గుంజుకుందామని చూస్తడు. కిర్క్ వాన్ని ఓడించి, వాని మనుషులతోని ఒక గ్రహం మీద దించి పోతడు.

పదిహేనేండ్లకు, 1982ల, అదే ఖాన్ పగతోని సినిమాల మళ్ళ వస్తడు. ఎంటర్‌ప్రైజ్‌ల పనిచేసిన చెకాఫ్ అనే పిలగాడు తెలువక ఆ గ్రహం మీద దిగుతడు. ఖాన్ వాని మొహం చూడంగనే గుర్తుపడతడు, తను ఏ మొహమూ మరువనంటడు. కాని 1967ల ఖాన్ ఉన్న భాగంల చెకాఫే లేడు! ఆ పాత్ర వేసిన వాల్టర్ కోనిగ్ రెండో ఏడు వచ్చి చేరిండు. మరి చూడని మొహాన్ని ఖాన్ ఎట్ల గుర్తుపట్టిండు?

దీనికి నాలుగు తీర్ల జవాబు చెప్తరు. ఒక వర్గం, సినిమా తీసినోళ్ళు పొరపాటు చేసిన్రు, ఇడిసిపెట్టుమంటది. ఇంకో వర్గం, ఓడల 430 మంది ఉన్నరు, టీవీల మనకు కనిపించేది పది మంది, చెకాఫ్ అప్పుడు కింద వేరే ఖాతాల, వేరే పాళీల పనిచేస్తున్నడంటది. మూడో వర్గం లెక్కలోళ్ళు. ఆ సీరియల్ల కెప్టెన్ రోజువారీ పుస్తకంల తేదీ చెప్తడు, నెల, దినం కాకుండ ఒక అంకె. ఖాన్ భాగంల ఆ అంకె 3141.9. చెకాఫ్ కనిపించే ఇంకొక భాగం టీవీల ఎనిమిది నెలల తర్వాత వచ్చింది, కాని దాంట్ల చెప్పిన అంకె 3018.2. అంటే ఓడ లెక్క ప్రకారం ఖాన్ రాకముందే చెకాఫ్ హాజరీల ఉన్నడు! నాలుగో జవాబు కోనిగ్‌దే. సభలల్ల నవ్వుకుంట చెప్తడట: ఆ రోజు ఖాన్ అర్జెంటుగ పాయఖానకు వచ్చిండు, లోపల చెకాఫ్ ఉండి ఎంతకూ బయటికి రాలేదు, అందుకనే ఆ మొహం మరిచిపోలేదు అని.

చాల్‌ల ఉన్నోళ్ళకు ఈ చివరి జవాబే సరైందనిపిస్తది. కాని నేను రెండో వర్గం. మూడు పాళీల మిల్లుల పనిచేసిన మనిషికి దాంట్ల వింత ఏం లేదు. నేను మొదటి పాళీల ఉంటే, అదే సాంచా మీద రాత్రి ఎవడు నడిపిండో నాకు మొహం తెలువకపోవచ్చు. పొద్దున భోంగా మొగ్గంగనే వాడు బయటికి, నేను లోపలికి. వాడు కట్టిన ముడి నా తానుల ఉంటది. కనిపించనోడు లేనట్టా?

రెండో కొట్లాట క్లింగాన్ల నొసటి గురించి. క్లింగాన్లు అంటే ఆ కథల యుద్ధాలు చేసే జాతి. 1960ల సీరియల్ల వాళ్ళకు మన లెక్కనే నున్నటి నొసలు. మొహానికి రంగు, మీసాలు, అంతే. మేకప్‌కు పైసలు లేకుండె. 1979ల సినిమా తీసినప్పుడు పైసలు వచ్చినయి, నొసటి మీద ఎముకల గట్లు పెట్టిన్రు. ఒకే జాతికి రెండు తీర్ల తలకాయలు ఎట్ల? 1996ల, సీరియల్‌కు ముప్పై ఏండ్లు నిండిన సందర్భంగ ఒక భాగం తీసిన్రు. కొత్త సీరియల్ మనుషులు కాలంల ఎనకకు పోయి, పాత ఎంటర్‌ప్రైజ్ నాటి నున్నటి నొసటి క్లింగాన్లను కండ్లార చూస్తరు. పక్కన గట్ల నొసలు ఉన్న వోర్ఫ్ అనే క్లింగాన్‌ను అడుగుతరు, ఇదేందని. అది బయటోళ్ళతోని మాట్లాడుకునే ముచ్చట కాదని వాడు మొహం తిప్పుకుంటడు. చూసినోళ్ళు పడిపడి నవ్విన్రట. 2005ల ఇంకో సీరియల్ల రెండు భాగాలు పెట్టి మరీ కారణం చెప్పిన్రు: క్లింగాన్లు మనుషుల జన్యువులతోని ఏదో ప్రయోగం చేసిన్రు, అది ఎదురుతిరిగి రోగమై పాకింది, నొసటి గట్లు పోయినయి అని.

మా మనుమనికి 2005 జవాబు ఇష్టం, లెక్క పూర్తి అయిందంటడు. నాకు వోర్ఫ్ జవాబు ఇష్టం. సాంచాల పోగు తెగితే ముడి ఎయ్యక తప్పదు. చిన్నగ ఎయ్యాలె, బట్టల కనబడొద్దు. రెండు భాగాలు పెట్టి కట్టిన ముడి చేతికి తగులుతది. "తాతా, ముడి ఎయ్యకుంటే బట్టల సందు ఉంటది గదా" అని వాడంటడు. వాని మాటలనూ నిజం ఉన్నది. ఇది ఇంక తెగలేదు.

మూడో దాంట్ల మాత్రం పిలగాండ్లే నన్ను పంచాయితీకి పిలిచిన్రు. కిర్క్ అంగీ రంగు ఏంది? టీవీల బంగారు పసుపు. కొన్ని భాగాలల్ల కిర్క్ వేరే తీరు అంగీ తొడుగుతడు, అది పచ్చగ ఉంటది. అదే హోదా, అదే మనిషి, రెండు రంగులెట్ల? బట్టలు తయారుచేసిన విలియం వేర్ థీస్ అసలు సంగతి చెప్పిండు: అంగీలన్నీ పచ్చవే. మామూలు అంగీ నూగు బట్ట, వెల్వెట్ తీరుది. స్టూడియో లైట్ల కింద, ఆ ఫిల్ముల అది పసుపుగ పడ్డది. రెండో అంగీ వేరే తీరు బట్ట, అది పచ్చగనే పడ్డది. పిలగాండ్లు దీన్ని నమ్మలేదు. నేను నమ్మిన. మిల్లుల రెండు తానుల రంగు కలిసిందా లేదా చూడాలంటే కిటికీ కాడికి తీసుకపోయి ఎండ వెలుతుర్ల చూసేది. ట్యూబులైటు కింద ఒకటే తీరు ఉన్న రెండు బట్టలు ఎండల వేరే వేరే అయితయి. నూగు ఉన్న బట్ట వెలుతురును ఒక తీరుగ పట్టుకుంటది, నున్నటి బట్ట ఇంకో తీరుగ. ఇంట్ల రెండు చీరె ముక్కలు తెచ్చి చూపిస్తే అప్పుడు ఒప్పుకున్నరు. ఆ నూగు అంగీలు ఉతికితే కుంచించుకపోయేటియట, అందుకని మూడో ఏడు బట్టనే మార్చిన్రు. ఇదీ మనకు తెలిసిన బాధే.

ఇన్ని తప్పులు పట్టేటోళ్ళు దాన్ని ఎందుకు చూస్తరు అని మీరు అడగొచ్చు. ఫోల్డింగు ఖాతాల తాను పరిచి తప్పులు చూసేటోళ్ళు బట్ట మీద కోపంతోని చూస్తరా? ఈ చూసేటోళ్ళే 1968ల సీరియల్ ఆపేస్తరని తెలిసి కుప్పలకొద్ది ఉత్తరాలు రాసిన్రు. టీవీ కంపెనీ దిగివచ్చి ఇంకో ఏడు నడిపింది. వాళ్ళకు ఆ కథ సొంతం. తప్పు కనపడితే పారేయరు, ఎట్ల అతకాలె అని కూర్చుంటరు.

ఈ పద్ధతి నిరుడు మా ఇంటి గడపల్నే పనికొచ్చింది. మా చాల్‌ల ఒక చెల్లె ఉన్నది, పేరు రాస్తలేను. ఆమె పెనిమిటి బద్లీ కార్మికుడు. రోజు గేటు కాడ నిలబడాలె, ఎవడన్న నాగా పెడితేనే పని. ఎక్కువ మూడో పాళీలనే దొరికేది. ఆయన పోయి చాన ఏండ్లయింది. మిల్లు కార్మికుల ఇండ్లకు ఆమె దరఖాస్తు పెడితే, ఆఫీసు వాళ్ళు జాబితాల పేరు లేదన్నరు. ఆయన పనిచేసినట్టు సాక్ష్యం కావాలన్నరు. పాతోళ్ళం అయిదారుగురం కూర్చున్నం. ఒకాయన, "నేను ఆ ఖాతాలనే ఇరవై ఏండ్లు చేసిన, ఆయన్ను ఎన్నడు చూడలే" అన్నడు. ఆ చెల్లె తల దించుకున్నది.

మా మనుమడు పక్కన ఉన్నడు. "పెద్దతాతా, మీరు ఏ పాళీ?" అని అడిగిండు. "మొదటి పాళీ." "ఆయన?" "రాత్రి." "మరి మీరు ఎట్ల చూస్తరు?" ఆయన దగ్గర జవాబు లేదు. ఇగ అక్కడినుంచి పిలగాండ్లు నోటుబుక్కు తీసిన్రు. ఆయన ఏ ఏడు, ఎవరి బదులు పోయిండు? ఒకరు 1979 అన్నరు, ఒకరు 1980 అన్నరు. ఎవరి పెండ్లికి ఎవరు ఊరికి పోయిన్రు, ఎవరికి ఏ బిడ్డ ఎప్పుడు పుట్టింది, అన్నీ పక్కపక్కన రాసిన్రు. రెండు మాటలు కలవని కాడ మళ్ళ అడిగిన్రు. మూడు ఆదివారాలు పట్టింది. ఆఖరికి తను ఊరికి పోయినప్పుడు తన సాంచా మీద రెండు నెలలు నిలబడ్డది ఆయనే అని షోలాపూర్ల ఉంటున్న ఒక రాత్రి పాళీ మనిషి ఫోన్ల చెప్పిండు, కాగితం రాసిచ్చిండు. ఆ నెలలు తెలిసినంక ఆ చెల్లె ట్రంకు పెట్టె అడుగున వెతికితే ఈఎస్ఐ కార్డు దొరికింది. చెదలు ఒక మూల తిన్నయి గని నంబరు ఉన్నది.

కాగితాలు ఇచ్చి వచ్చినం. రసీదు ఇచ్చిన్రు. ఇంక జవాబు రాలేదు. వచ్చిననాడు ఈ పత్రికలనే రాస్త.

సీరియల్ల ఉన్న చెకాఫ్ కోసం నలభై ఏండ్లు వాదించేటోళ్ళు ఉన్నరు. మన మిల్లులల్ల నిజంగ రాత్రంత నిలబడ్డోళ్ళ కోసం మనం మూడు ఆదివారాలు కూర్చోలేమా? అందుకని రెండు మాటలు అడుగుతున్న. పాత పగారు చీటీలు, హాజరీ కార్డులు, ఈఎస్ఐ కార్డులు, గేటు పాసులు పనికిరావని పారేయకండ్రి. మీరు రాత్రి పాళీల చేసి ఉంటే, మీ పక్క సాంచా మీద ఎవరున్నరో, మీ పిల్లల చేత రాయించి పెట్టుండ్రి. రెండు మాటలు కలవకపోయినా రెండూ రాయించుండ్రి, కూర్చొని తెంపుకోవచ్చు.

చెకాఫ్ సంగతి పిలగాండ్లు ఇంక తెంపలేదు. నా ఓటు మాత్రం మూడో పాళీకే.